కుండమార్పిడి చదువు

తెలుగువారి వివాహ వ్యవస్థలో కుండమార్పిడి అనే ఏర్పాటు ఒకటి ఉంది. ఒక ఇంటి పిల్లను రెండో ఇంటికి ఇచ్చి, ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి కోడలిగా తెచ్చుకోవడం దీని స్వరూపం. ఇచ్చిందీ పుచ్చుకున్నదీ సరితూగుతాయి కనుక ఏ పక్షమూ కట్నం మాట ఎత్తదు, ఈ ఇంట కోడలిని ఒక మాటంటే ఆ ఇంట కూతురికి రెండు మాటలు పడతాయి కనుక ఇరుపక్షాలూ నోరు అదుపులో పెట్టుకుంటాయి. విశ్వవిద్యాలయాలు ఇదే ఏర్పాటును చదువుకు అన్వయించి, స్టూడెంట్ ఎక్స్ఛేంజి అని పేరు పెట్టి, అంతర్జాతీయ సహకారం అనే అధ్యాయంలో చేర్చుకున్నాయి. ఒప్పందం చేసుకున్న రెండు విశ్వవిద్యాలయాలు ఒక సెమిస్టరుకో ఏడాదికో విద్యార్థులను ఇచ్చిపుచ్చుకుంటాయి. వెళ్లినవాడు ఫీజు తన సొంత విశ్వవిద్యాలయంలోనే కడతాడు, ఆతిథ్యమిచ్చిన చోట ట్యూషన్ ఫీజు కట్టడు, అక్కడ పూర్తిచేసిన కోర్సుల క్రెడిట్లు ఇక్కడి డిగ్రీలో జమ అవుతాయి. ఎందరు వెళ్లారో ఇంచుమించు అందరు రావాలి. రాకపోతే ఖాతా తప్పుతుంది, ఖాతా తప్పిన ఒప్పందాన్ని పెద్ద విశ్వవిద్యాలయం, బదులు పిల్లను ఇవ్వలేకపోయిన వియ్యంకుడిని తప్పించుకు తిరిగినట్టు, మర్యాదగా పక్కన పెడుతుంది.

ఈ వినిమయ శాస్త్రాన్ని పరిశీలించడానికి పెరియకుళం కంటె అనువైన ఊరు దొరకదు. తమిళనాడులోని తేని జిల్లాలో, పళని కొండల అడుగున, వరాహ నది ఒడ్డున, మామిడి తోపుల నడుమ ఉన్న ఈ పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ తెలుగు ఇంటిభాషగా గల కుటుంబాలు శతాబ్దాలుగా ఉంటున్నాయి. పక్కనున్న వడుగపట్టి పేరులోని వడుగ అనే మాటకు తమిళంలో ఉత్తరాదివాడని, వాడుకలో తెలుగువాడని అర్థం. అయితే ఆ ఊరు నేడు ప్రసిద్ధికెక్కింది వెల్లుల్లి సంతవల్ల, అక్కడ పెరిగిన తమిళ కవి వైరముత్తువల్ల. ఊరి పేరు తెలుగువారిది కావడం, ఊరికి వచ్చిన పేరు తమిళానిది కావడం వినిమయ శాస్త్రంలో తొలి పాఠం.

ఆ మాటకొస్తే ఇక్కడి తెలుగువారి పూర్వికులే ఈ సీమకు వచ్చిన తొలి విదేశీ విద్యార్థులు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో నాయక రాజ్యానికి పునాది వేశాక రాజ్యాన్ని 72 పాళేలుగా పంచారని, వాటిలో అనేకం తెలుగు నాయకులకు దక్కాయని చరిత్ర చెబుతుంది. పాళెం అంటే సైన్యాన్ని పోషించి, శిస్తులో వాటా కట్టి, మదురై కోటలో ఒక బురుజును కాపాడే షరతు మీద ఇచ్చిన భూభాగం; నేటి పరిభాషలో షరతులతో కూడిన పర్మిట్. ఇక్కడి తెలుగువారిలో ఒకరైన కంబళత్తు నాయకర్ల ఐతిహ్యం ఇంతకంటె సొగసుగా ఉంటుంది: ఉత్తరాన పాలకుల ఆగడానికి తాళలేక వారు పారిపోయి వస్తుండగా దాటరాని ఏరు అడ్డుపడిందట, అటు గట్టు మీది కానుగ ఒకటి, ఇటు గట్టు మీది కానుగ ఒకటి ఎదురెదురుగా వంగి వంతెనగా నిలిచాయట. ఆ చెట్లు పాస్‌పోర్టు అడగలేదు, బ్యాంకు నిల్వ చూపమనలేదు, తిరిగి ఎప్పుడు వెళ్తారని ప్రశ్నించలేదు. ప్రశ్నించి ఉంటే ఇబ్బందే, ఎందుకంటే వచ్చినవారు తిరిగి వెళ్లలేదు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ ఇటువంటి వలస కథనే 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా, అదీ తమిళంలో, వెలువరించారు. దీన్ని ఆతిథ్య దేశంలో మంచి మార్కులతో పూర్తిచేసిన కోర్సుగా లెక్కించవచ్చు గాని, క్రెడిట్లు సొంత విశ్వవిద్యాలయానికి బదిలీ అయిన దాఖలా అంతగా కనబడదు.

ఇటువంటి వంశంలో పుట్టిన విద్యార్థి కెనడాకు దరఖాస్తు పెట్టేటప్పుడు రాయవలసిన మొదటి వ్యాసం, గడువు తీరగానే తాను తప్పక తిరిగి వస్తానన్నది. అనుమతించిన కాలం ముగిశాక దరఖాస్తుదారు దేశం విడిచి వెళ్తాడన్న నమ్మకం అధికారికి కలగాలని ఆ దేశపు వలస నిబంధన. ఆ నమ్మకం కలిగించడానికి ఊళ్లోని ఇల్లు, తోపు, తల్లిదండ్రులు, బ్యాంకు పుస్తకం అన్నీ బంధాలుగా చూపాలి. అయిదు వందల ఏళ్ల కిందట వచ్చి తిరిగి వెళ్లనివారి మనుమడు, వారు తిరిగి వెళ్లకపోవడంవల్ల దక్కిన తోపునే పూచీగా చూపి, తాను మాత్రం తిరిగి వస్తానని సంతకం చేస్తాడు. ఆరు నెలలకు మించని చదువుకు స్టడీ పర్మిట్, అనగా చదువుకోవడానికి ఇచ్చే ప్రత్యేక అనుమతి, కెనడా చట్టం అడగదు. నాలుగు నెలల సెమిస్టరుకు వెళ్లేవాడు సందర్శక వీసా మీద వెళ్లి చదివి రావచ్చు. ఆ వీసాకు తెలుగులో చుట్టపుచూపు అన్నదే సరైన అనువాదం, ఎందుకంటే పెట్టింది తిని, ఏ పనిలోనూ చెయ్యి పెట్టకుండా, చెప్పిన రోజుకు బయలుదేరే అతిథినే ఆ చట్టం కూడా కోరుతుంది. ఇక ఆ వీసా చేతికొచ్చేదాకా పట్టే ఆలస్యం సంగతి పెరియకుళం వారికి కొత్త కాదు: మదురై–బోడి రైలు మార్గాన్ని గేజి మార్పిడి కోసం 2010 చివర మూసి, తేని దాకా మళ్లీ తెరిచేసరికి 2022 అయింది కనుక, మార్పిడి అనే మాటకు ఓర్పు అనే అర్థం ఈ సీమ నిఘంటువులో ముందే చేరిపోయింది.

కుండమార్పిడికీ కట్నపు పెళ్లికీ ఉన్న తేడాయే వినిమయ విద్యార్థికీ అంతర్జాతీయ విద్యార్థికీ ఉన్న తేడా. అంతర్జాతీయ విద్యార్థి అంటే డిగ్రీ మొత్తాన్ని పూర్తి ధర పెట్టి చదివే విదేశీయుడు. టొరంటో విశ్వవిద్యాలయంలో కళలు, శాస్త్రాల డిగ్రీకి ఒంటారియో విద్యార్థి ఏడాదికి 6 వేల డాలర్ల చిల్లర కడితే, విదేశీయుడు కట్టేది 60 వేల డాలర్ల పైమాటే. 2019లో ఒంటారియో ప్రభుత్వం తన విద్యార్థుల ఫీజును 10 శాతం తగ్గించి, ఆపై ఏళ్ల తరబడి అక్కడే బిగించి ఉంచింది. సొంత పిల్లలకు పండగ తగ్గింపు ఇచ్చిన పెద్దమనిషి ఆ లోటును ఎవరెవరి ఊళ్లలోనో తాకట్టుపడిన తోపుల మీద పూడ్చుకున్నాడు. ఇలా పిలిచినవారంతా వచ్చేశాక ఇళ్లు చాలడం లేదన్న గోల పుట్టింది. 2024 జనవరిలో కెనడా ప్రభుత్వం ఆ ఏటికి మంజూరు చేసే స్టడీ పర్మిట్లను సుమారు 3 లక్షల 60 వేలకు పరిమితం చేసింది; విద్యార్థి జీవనవ్యయానికి చూపవలసిన సొమ్మును అదే నెలలో 10 వేల డాలర్ల నుంచి 20,635 డాలర్లకు, 2025 సెప్టెంబరులో 22,895 డాలర్లకు పెంచింది; వెళ్లదలచిన ప్రావిన్సు నుంచి ధ్రువీకరణ లేఖ కూడా తెమ్మంది. ఒప్పందం మీద వెళ్లే వినిమయ విద్యార్థికి ఆ లేఖ అక్కర్లేదు. ఊరికి మాత్రం ఈ సూక్ష్మభేదాలు పట్టవు. నాలుగు నెలలకు వెళ్లినవాడినీ నాలుగేళ్లకు వెళ్లినవాడినీ కెనడా అబ్బాయి అనే ఒకే పద్దు కింద రాసి, పెళ్లిళ్ల పేరయ్యలు ఇద్దరి ధరా ఒకేలా పెంచుతారు. కట్నం లేని మార్పిడి మీద వెళ్లి వచ్చినవాడు కట్నం పెరగడానికి కారణం కావడం, సాంఘిక శాస్త్రవేత్తలు దృష్టి పెట్టవలసిన అంశం.

మన వినిమయ విద్యార్థి చేరిన చోటు చిన్నది కాదు. 1827లో స్థాపితమైన టొరంటో విశ్వవిద్యాలయపు మూడు ప్రాంగణాలలో కలిపి 90 వేల మందికి పైగా విద్యార్థులున్నారు. 2011 జనగణనలో పెరియకుళం పట్టణ జనాభా సుమారు 43 వేలు కనుక, రెండు పెరియకుళాలను పసిపిల్లలతో ముసలివారితో సహా తరగతిలో కూర్చోబెట్టినా అక్కడ ఇంకా బెంచీలు మిగులుతాయి. సభ ఏదైనా మొదట ఆ నేల ఎవరిదో చెప్పడం అక్కడి ఆచారం. హ్యూరన్-వెండాట్, సెనెకా, మిసిసాగా జాతుల నేల మీద ఈ సంస్థ నడుస్తున్నదని గంభీరంగా చదివి, తరవాత కార్యక్రమంలోకి దిగుతారు. పూజకు ముందు ఫలానా ద్వీపంలో, ఫలానా నది ఒడ్డున కూర్చున్నానని చెప్పుకునే సంకల్పం ఎరిగిన విద్యార్థికి ఇది వింతగా తోచదు. ఆ నేల చేతులు మారిన తీరే వినిమయ శాస్త్రానికి మకుటాయమానం: 1787లో బ్రిటిషువారు మిసిసాగాలతో కుదుర్చుకున్న టొరంటో కొనుగోలు పత్రంలో భూమి వివరం రాయవలసిన చోటు ఖాళీగా ఉన్నట్టు తరవాత బయటపడింది, 1805లో సుమారు 2 లక్షల 50 వేల ఎకరాలకు పది షిల్లింగులు ముట్టజెప్పి ఆ వ్యవహారాన్ని ఖాయం చేశారు, 2010లో కెనడా ప్రభుత్వం దానికీ మరో భూమి దావాకూ కలిపి పరిహారంగా 14 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించింది.

తరగతిలో మరో ఆశ్చర్యం ఎదురవుతుంది. అక్కడ పార్టిసిపేషన్ అనే పద్దు కింద, తరగతిలో నోరు విప్పినందుకు మార్కులు వేస్తారు. నోరు విప్పినందుకే మార్కులు పోయిన బడుల నుంచి వచ్చినవాడికి ఈ ఆర్థిక విధానం అర్థమయ్యేసరికి సగం సెమిస్టరు గడుస్తుంది. మాతృభాష ఏదని అడిగిన ఫారంలో అతడు తెలుగు అని నింపుతాడు, ఆ మాటను తెలుగులో రాయమంటే మాత్రం రాయలేడు, ఎందుకంటే అతడి బడిలో తెలుగు లేదు. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని అన్ని బడుల్లో తప్పనిసరి చేసింది, తెలుగు వంటింటికే పరిమితమైంది. ఇంటి నుంచి వచ్చే సందేశం కూడా తమిళ లిపిలో కూర్చిన తెలుగు. తమిళ లిపిలో పకారానికీ బకారానికీ అక్షరం ఒక్కటే కనుక, అవ్వ అడగమంటే తల్లి పంపిన ‘బడి ఎట్లుంది’ అనే ప్రశ్నను ‘పడి ఎట్లుంది’ అనీ చదవవచ్చు, తమిళుడైతే ఆ మొదటి మాటను చదువు అనే ఆజ్ఞగానూ తీసుకోవచ్చు. జనవరిలో టొరంటో కాలిబాట మీద గడ్డకట్టిన మంచుపై నడిచి తరగతికి వెళ్లే విద్యార్థికి మూడు అర్థాలూ వర్తిస్తాయి; బాగుంది అని అతడు పంపే ఒక్క జవాబు మూడింటికీ సరిపోతుంది.

బదులుగా ఇటు వచ్చినవారెవరన్నది శాస్త్రంలోని రెండో భాగం. పాశ్చాత్యులు పెరియకుళం దారిన రాకపోలేదు. 1845లో అమెరికన్ మిషనరీలు కొండ మీది కొడైకెనాల్‌లో ఇళ్లు కట్టుకున్నారు, 1901లో అక్కడ వారి పిల్లలకు బడి వెలసింది, ఘాట్ రోడ్డు రాకముందు కొండెక్కే దారి పెరియకుళం దగ్గరి కృష్ణమనాయకన్ తోపు నుంచే మొదలయ్యేది. తోపు పేరు తెలుగు నాయకుడిది, డోలీలో కూర్చున్నది దొరబిడ్డలు, డోలీ కొమ్ము భుజాన వేసుకున్నది స్థానికులు. వారు ఎక్కారు, వీరు మోశారు. దీన్ని కూడా విద్యా వినిమయంగా పరిగణించడానికి అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆ దారికి కూలీ ఘాట్ అని పేరు పెట్టి ఎవరి వాటా ఏమిటో దాచకుండా చెప్పారు. ఇండియాను చదవగోరే కెనడియన్ల కోసం 1968 నుంచి శాస్త్రి ఇండో-కెనడియన్ సంస్థ ఉన్నా, పెద్ద విశ్వవిద్యాలయపు కుర్రవాడు సెమిస్టరు గడపడానికి ఎంచుకునే జాబితాలో సింగపూరు, లండన్ వంటి పేర్లుంటాయి గాని, రైల్వే స్టేషను లేని ఊరి పేరు ఉండదు.

నిజమైన మార్పిడి జరిగింది మొక్కల మధ్య. పెరియకుళంలోని తోటపంటల పరిశోధనా కేంద్రం 1989లో విడుదల చేసిన పీకేఎం-1 అనే మునగ రకం పేరులోని మూడు అక్షరాలు ఊరి పేరుకు పొడి రూపమే. ఏళ్ల తరబడి కాసే చెట్టుమునగకు బదులు, విత్తనం వేసిన ఆరు నెలలకే మూరెడు దాటిన కాయలు దించే ఈ ఏడాది మునగ ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. ఆంగ్ల పరీక్ష రాయలేదు, తిరిగి వస్తానని హామీ ఇవ్వలేదు, వెళ్లిన ప్రతిచోటా ఊరి పేరు నిలబెట్టింది. బదులుగా కెనడా నుంచి వచ్చింది హెక్సనాల్. మొక్కలు సహజంగా పుట్టించే ఈ పదార్థం పండు కణాల పొరను చెడగొట్టే ఎంజైమును నెమ్మదింపజేస్తుంది. ఒంటారియోలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమూ తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమూ 2010ల దశకంలో కెనడా ప్రభుత్వ నిధులతో దీన్ని మామిడి మీద ప్రయోగించి, కోతకు ముందు పిచికారీ చేస్తే కాయ రాలకుండా చెట్టున మరికొన్ని వారాలు నిలుస్తుందని చూపాయి. పక్వానికి వచ్చినదాన్ని రాలకుండా కొమ్మనే నిలిపే మందు కనుగొన్న దేశమే, పక్వానికి వచ్చిన కొడుకులను కొమ్మ నుంచి దింపుకుపోతున్న దేశం కూడా కావడాన్ని తోపుల యజమానులు ఆలోచనగా గమనిస్తున్నారు.

టొరంటో నగరపు స్కార్‌బరోలోని కిరాణా దుకాణాల్లో, గాజు తలుపుల శీతల అరలో, వేలెడు ముక్కలుగా కోసి గడ్డకట్టించిన మునక్కాయల పొట్లాలు దొరుకుతాయి. వినిమయ విద్యార్థి పొట్లం తిరగేసి, ఏ దేశపు పంటో చదివి, డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకుని, మళ్లీ అరలో పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి కొంటాడు. ఇంటి పెరట్లో కోసుకునే దిక్కులేక పొరుగిళ్లకు పంచిన కాయకు ధర కట్టడం అతడు ఆ సెమిస్టరులో నేర్చుకున్న అర్థశాస్త్రం. దానికి క్రెడిట్లు లేవు.

గడువు తీరాక అతడు మాట ప్రకారం తిరిగి వచ్చి, పూర్వికుల రికార్డును చెడగొడతాడు. అక్కడి కోర్సు పేరు ఇక్కడి సిలబసులో లేదని సెక్షను గుమాస్తా కాగితాన్ని రెండుసార్లు వెనక్కి తోసి, మూడోసారి ముద్ర వేస్తాడు. సాయంత్రం వసారాలో బంధువులు ఫోనులో మంచు ఫొటోలు చూస్తుంటే, తన కాలంలో నాలుగైదు కుండమార్పిడి సంబంధాలు దగ్గరుండి కుదిర్చిన అవ్వ, ఏ కుదురుబాటులోనైనా మొదట అడిగే ప్రశ్నే అడుగుతుంది: ‘మనోడు పోయొచ్చినాడు సరే, వాళ్ల పిల్లోడు ఎప్పుడొస్తాడు?’ వసారాలో అందరూ నవ్వుతారు. అవ్వ నవ్వదు. కానుగ చెట్ల కథ ఆమెకు తెలుసు. అందులో వంగినవి రెండు చెట్లు.