తానీషా గారి రెగ్యులరైజేషన్ స్కీము

భద్రాచలంలో అనుమతి లేని కట్టడాలకు మూలపురుషుడు మన కంచర్ల గోపన్న. పాల్వంచ తహసీల్దారుగా ఉంటూ, పైవాళ్ల మంజూరు లేకుండా, సర్కారు శిస్తు సొమ్ముతో గుడి కట్టేశాడు. గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడు. ఆఖరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు లెక్కపెట్టి, గోల్కొండ సుల్తాను తానీషా చేత రసీదు రాయించుకుని వెళ్లారని కథ. ఆఫీసు భాషలో దీన్ని అపరాధ రుసుముతో క్రమబద్ధీకరణ అంటారు. 2020లో వెయ్యేసి రూపాయలు కట్టి లక్షల మంది లేఅవుట్ల క్రమబద్ధీకరణకు, అంటే ఎల్ఆర్ఎస్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు గానీ, ఆ ఆలోచన మీద హక్కు తానీషాది.

ముందు కట్టు, తర్వాత కట్టు. గోదావరి గట్టున ఇంతకు మించిన బిల్డింగ్ రూల్ ఇప్పటికీ పుట్టలేదు. ఇది తెలియని అమాయకుడు ఎవడయ్యా అంటే, పెరట్లో కొడుక్కి ఓ చిన్న ఇల్లు వేసుకుంటానని వెళ్లి మర్యాదగా అడిగేవాడు.

చర్ల, దుమ్ముగూడెం వైపు కోయగూడేల్లో కొడుక్కి పెళ్లయితే పొయ్యి వేరు పడుతుంది. పెద్దింటి వెనకాల చిన్నిల్లు లేస్తుంది. (నవ్వకండి, సినిమాల్లో చిన్నిల్లు కాదు.) దానికి కాగితం కావాలని ఆ తండ్రి ఆఫీసు మెట్లెక్కాడనుకోండి.

"ఏం ఆధారం ఉంది తాతా?"

"పోడు పట్టా ఉంది సారూ."

"అది సేద్యానికి. ఇంటికి కాదు."

ఆ పట్టా ఇచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం తీసి చూడండి. అడవి భూమిలో నివాసానికి గానీ సొంత సేద్యానికి గానీ హక్కు అని ఉంటుంది. నివాసమే ముందు. కానీ పునాది గుంత కంటబడగానే మన సార్లు చట్టాన్ని వెనక నుంచి చదువుతారు. ఆ పట్టా పిల్లలకు వస్తుంది, అమ్మడానికి మాత్రం లేదు. కనక బ్యాంకు దాన్ని తాకట్టుకు ముట్టదు. పోనీ నాలుగు వెదురు బొంగులు తెచ్చి తడిక అల్లుకుందామా? అదే చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది, దాని మీద హక్కు అడవిబిడ్డలదే అంది. చెక్‌పోస్టు కర్రకు ఆ సంగతి ఎవరు చదివి వినిపించాలి?

ఇందిరమ్మ ఇల్లు ఉంది కదా అంటారు. ఉంది. 2024 మార్చి 11న ముఖ్యమంత్రి ఈ భద్రాచలంలోనే ఆ పథకం మొదలుపెట్టారు. ఇంటికి ఐదు లక్షలు. నాలుగొందల చదరపు అడుగులకు తగ్గకూడదు, ఆరొందలు దాటకూడదు. మన తండ్రికి స్థలం ఉంది, కానీ ఇల్లూ ఉంది. కొడుక్కి ఇల్లు లేదు, కానీ స్థలమూ లేదు. ఇద్దరినీ కలిపితే ఒక అర్హుడు తయారవుతాడు. కలిపి రాసుకోవడానికి ఫారంలో గడి లేదు.

ఖమ్మం నగరంలోనైతే ఈ బాధే లేదు. పట్టణాల్లో ఇంటి అనుమతుల కోసం టీఎస్ బీపాస్ వచ్చాక 75 గజాల్లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి పేరు నమోదు చేయించుకుంటే చాలు. ఆ రూపాయి అడవిదాకా రాలేదు. పైగా 2014లో మండలంలోని మిగతా ఊళ్లన్నీ ఆంధ్రకు పోయి, భద్రాచలం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. ఊరి చివర కొలత టేపు కాస్త గట్టిగా లాగితే పెరడు ఆంధ్రలోని ఎటపాకలో తేలుతుంది.

ఇక ఊరి నడిబొడ్డుకు రండి. ఇది ఏజెన్సీ. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ చేతిలో ఉన్నవాడే. ఆ చట్టం కింద, ఆ భూమి మీద, లాడ్జీలు అంతస్తులకు అంతస్తులు లేచాయి. 2025 మార్చి 26న పాత కట్టడం మీద లేపుతున్న ఆరంతస్తుల భవనం కుప్పకూలి ఇద్దరు కూలీలు చచ్చిపోయారు. పడిపోయాక కాగితాలు వెతికారు. నిలబడి ఉన్నన్నాళ్లూ దాన్ని ఆపగలిగిన మొగాడు లేకపోయాడు. గూడెంలో పునాది గుంతను ఆపడానికి మాత్రం ఒక్క ఖాకీ చొక్కా చాలు.

కరెంటు పొదుపు రూల్సు సంగతి మరీ ముచ్చట. 2018లో కేంద్రం ఎకో నివాస్ సంహిత తెచ్చింది: గోడల గుండా ఇంట్లోకి దిగే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు, పైకప్పు వేడి జారవిడిచే లెక్క 1.2కు మించకూడదు. 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాలకే అన్నారు కాబట్టి మన పెరడు బతికిపోయింది. అయినా సరదాకి కొలవండి. తడిక గోడ, మీద బెత్తెడు మట్టి, ఆపైన పేడ అలుకు, నెత్తిన మందంగా తాటాకు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం లోపల ముసలమ్మ హాయిగా కునుకు తీస్తుంటుంది. ఉత్త సిమెంటు స్లాబు ఆ 1.2కు రెట్టింపు పైనే కొడుతుంది, పరీక్ష తప్పుతుంది. కానీ సర్కారు బిల్లు పడాలంటే స్లాబు పడాలి. తాటాకు పీకించి స్లాబు పోయిస్తారు. అది కాలి పెనమయ్యాక 2023 కూల్‌రూఫ్ పాలసీ పట్టుకుని తెల్ల రంగు వేసుకోమంటారు.

ఇన్ని రూల్సు చెప్పే సర్కారు తన ఇల్లు ఎలా కట్టుకుందో చూద్దామా? మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ స్టేషన్ ఉంది. నాలుగు యూనిట్లు, 1080 మెగావాట్లు. బొగ్గు ఎక్కువ తినే పాత సబ్‌క్రిటికల్ రకం. పర్యావరణ అనుమతి చేతికి రాకముందే పనులు మొదలెట్టారు. 2015లో హరిత ట్రిబ్యునల్ ఆపమంది. 2017లో అనుమతి వచ్చింది. ముందు కట్టు అన్న సూత్రాన్ని గోపన్న తర్వాత అంత భక్తిగా పాటించింది ఆ స్టేషన్ కట్టిన జెన్‌కోయే. ఆయనకు చెరసాల, వీళ్లకు ప్రారంభోత్సవం.

అదే అమెరికాలోని ఫ్రీమాంట్‌లో మన ఖమ్మం కుర్రాడు అమ్మానాన్నల కోసం పెరట్లో ఇల్లు వేసుకుంటే, కాలిఫోర్నియా చట్టం అరవై రోజుల్లో ఔనో కాదో చెప్పి తీరాలంటుంది. నెత్తిన సోలార్ పలకలు పెట్టమని సతాయిస్తుంది, అది వేరే సంగతి. అక్కడ అడిగినవాడికి గడువుంది. ఇక్కడ అడిగినవాడికి తిప్పలే.

అందుకని గూడెం పెద్దలకు నాదొక ఉచిత సలహా. మనిషికి గది అని రాయకండి. పశువుల పాక అని రాయండి. ఉపాధి హామీలో పాకలు బోలెడు మంజూరయ్యాయి, గేదెకు పోడు పట్టా ఉందా, వేరే ఇల్లుందా అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఫోటో తీయడానికి వస్తారు కాబట్టి ఆ పూటకు పక్కింటి గేదెను అరువు తెచ్చి గుంజకు కట్టండి. కొత్త కోడల్ని మాత్రం ఫోటోలో పడకుండా కాస్త పక్కకు జరగమనండి. ఆమె కనబడిందో, పాకకు అనుమతి లేదంటారు.