దేవుడు అద్దెకుండే నగరంలో బీమా

సూపర్‌హీరోల లోకంపై వచ్చే వ్యాఖ్యానాలు వీరుల బలాబలాలను తూచడంతోనే సరిపెట్టుకుంటాయి గాని, వారి కాళ్ల కింద కాపురం చేసే గృహస్థు నెలనెలా ఏయే బిల్లులు కడతాడన్న విషయం జోలికి పోవు. 1938లో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక ముఖచిత్రంపైనే సూపర్‌మ్యాన్ ఒక ఆకుపచ్చ కారును ఎత్తి బండకు మోదుతూ కనిపిస్తాడు. కథలో ఆ కారు రౌడీలది కనుక సరిపోయింది గాని, ఏ గుమాస్తానో వాయిదాల మీద కొనుక్కున్నదైతే, పరిహారం దరఖాస్తులో ‘ప్రమాద కారణం’ అన్న గడి అతడు ఎలా నింపేవాడో ఊహించడం కష్టం.

మార్వెల్ కథలు ఎక్కువగా అసలు న్యూయార్క్‌లోనే నడుస్తాయి కనుక అక్కడ చిక్కు మరింత ముదురుతుంది. భూకంపం, వరద వంటి మనిషి ప్రమేయం లేని విపత్తులను బీమా పరిభాషలో ‘దైవఘటన’ అంటారు. వాటిలో కొన్నింటికి చాలా పాలసీలు పరిహారం ఇవ్వవు. 1962 నుంచి ఆ కథల్లో తిరుగుతున్న థోర్ స్కాండినేవియా పురాణాలలోని ఉరుముల దేవుడు కనుక, అతని సుత్తి తగిలి కూలిన గోడ దైవఘటన కిందికి వస్తుందా, చిరునామా గల మూడో వ్యక్తి చేసిన నష్టం కిందికి వస్తుందా అన్నది తేలేలోపు ఇంటివాడి జుట్టు నెరుస్తుంది. దేవుడు కాదని రుజువైతే తప్ప క్లెయిము మంజూరు కాని ఆ ఊళ్లో పరమభక్తుడు సైతం సంతకం పెట్టేవేళకు నాస్తికుడవుతాడు, కంపెనీ మాత్రం నికార్సైన ఆస్తికురాలవుతుంది. రచయిత డ్వైన్ మెక్‌డఫీ, చిత్రకారుడు ఎర్నీ కొలోన్ 1989లో ‘డ్యామేజ్ కంట్రోల్’ పేరిట ఒక ధారావాహికనే నడిపారు. అందులో కథానాయక పాత్ర శిథిలాలెత్తి భవనాలు బాగుచేసే కంపెనీది. ఆ లోకంలో కలకాలం గిట్టుబాటయ్యే వృత్తి లోకరక్షణ కాదు, సిమెంటు పని.

మరణం విషయంలోనూ సూపర్‌హీరోల లోకపు ఆచారం వేరు. 1992లో చనిపోయిన సూపర్‌మ్యాన్ 1993లో తిరిగివచ్చాడు. 2007లో నేలకొరిగిన కెప్టెన్ అమెరికా 2009లో లేచాడు. స్పైడర్‌మ్యాన్‌ను పెంచిన బెన్ బాబాయి మాత్రం, 1962లో దొంగ కాల్చిన తూటాకు పోయి, మూలకథలో నేటికీ పోయినవాడుగానే ఉన్నాడు. పునర్జన్మకు పుణ్యం చాలదు, సొంత పేరుతో పత్రిక ఉండాలి.

ఇక మనుషులను అంచనా కట్టడంలో మార్వెల్ కథల్లోని పౌరుల నైపుణ్యం అసాధారణం. విశ్వకిరణాలు సోకి ఒళ్లంతా మంటగా మారే ఫెంటాస్టిక్ ఫోర్ బృందంలోని యువకుడికి చప్పట్లు కొడతారు. అటువంటి శక్తే పుట్టుకతో వచ్చిన ‘మ్యూటెంట్’, అంటే జన్యుమార్పు గలవాడు, వీధిలో కనబడితే రాళ్లందుకుంటారు. మంట ఒకటే అయినా పుట్టుక వేరు కదా, ఈ విచక్షణ మరే లోకానికీ తెలియనిది కాబోలు.

డీసీ కథల మెట్రోపోలిస్‌లో ‘డైలీ ప్లానెట్’ పరిశోధక పాత్రికేయులు, పక్క బల్ల దగ్గర కూర్చున్న క్లార్క్ కెంట్ కళ్లజోడు తీస్తే సూపర్‌మ్యానేనని దశాబ్దాలపాటు కనిపెట్టలేకపోయారు. అటువంటి పత్రికలు చదివిన ఓటర్లే కథలోని 2000 ఎన్నికల్లో సూపర్‌మ్యాన్ బద్ధశత్రువు లెక్స్ లూథర్‌ను అమెరికా అధ్యక్షుడిగా గెలిపించారు. అతని ప్రమాణ స్వీకారం వార్త రాసే పని క్లార్క్ కెంట్‌కు పడి ఉంటే, సంపాదకుడు నిష్పక్షపాతంగా రాయమనే చెప్పి ఉంటాడు.