ముందు చెవులు, తర్వాతే వేళ్లు

మీ తరానికి ఓపిక లేదంటే మీకు కోపం వస్తుంది. రానీండి. మా వీధిలో ఇప్పుడు మూడు గిటార్లున్నాయి, మూడూ మేకులకి వేలాడుతున్నాయి. అందులో ఒకటి మా మనవడిది. పార్సిల్ వచ్చిన రోజున అట్టపెట్టె విప్పడం దగ్గర్నుంచి ఒళ్లో పెట్టుకోవడం దాకా అంతా ఫోన్లో వీడియో తీశాడు. నెల తిరిగిందో లేదో, "తాతా, నాకు టేలెంటు లేదు, ఇది నా వల్ల అవదు" అనేశాడు. నెలకే టేలెంటు సంగతి తేలిపోతుందా నాయనా? నారు పోసిన మర్నాడే కొడవలి పట్టుకుని గట్టు మీద కూర్చున్నట్టుంది మీ వరస. మా రోజుల్లో నెలకి తీగలు శ్రుతి చెయ్యడం కూడా వచ్చేది కాదు. దానికి ఎవరూ బెంగపడేవాళ్లూ కాదు.

మా రోజులంటే ఎప్పటి మాటో చెప్పాలి గదా. 1973లో 'యాదోం కీ బారాత్' వచ్చింది. అందులో జీనత్ అమన్ గిటారు పట్టుకుని కనిపించే పాట, ఆర్.డి. బర్మన్ కట్టింది, ఆశా భోంస్లే పాడింది, దేశంలో ఉన్న కుర్రకారు అందర్నీ ఒక్క ఊపు ఊపేసింది. ఊపితే మాత్రం మా ఊరు కోటబొమ్మాళికి గిటారు ఎలా వస్తుంది? అప్పట్లో వేలు నొక్కితే గుమ్మంలోకి వచ్చే సరుకు కాదది. ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. మన జిల్లా నుంచి రైల్వే పనులకి ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే స్థిరపడిపోయిన తెలుగువాళ్లు బోలెడుమంది. వర్క్‌షాపులో ఉద్యోగం, క్వార్టర్లో కాపురం, ఏడాదికోసారి సొంతూరు. మా మావయ్య వాళ్లూ అంతే. వాళ్లబ్బాయి, అంటే మా బావ, కలకత్తాలో కొన్న గిటారు ఒకటి గుడ్డసంచీలో చుట్టి మద్రాసు మెయిల్లో పలాస దాకా తెచ్చి, అక్కణ్ణుంచి పాసింజర్లో మా ఊరు దించాడు. అప్పటికి బెంగాల్లో గిటారంటే ఎక్కువమందికి హవాయి గిటారే. ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టి ఇనప కడ్డీ జార్చి వాయించేవారు. మా బావ తెచ్చింది మాత్రం మామూలుది, నిలబెట్టి పట్టుకునేది. సెలవులయ్యాక తను వెళ్లిపోయాడు, గిటారు నా దగ్గర వదిలాడు. వదులుతూ ఒక్క ముక్క చెప్పాడు: ఆరో తీగని అయిదో మెట్టు మీద నొక్కితే ఏం పలుకుతుందో, అయిదో తీగని వట్టిగా మీటినా అదే పలకాలి. అలాగే అయిదో తీగకీ నాలుగో తీగకీ, నాలుగుకీ మూడుకీ. మూడో తీగ దగ్గర మాత్రం అయిదో మెట్టు కాదు, నాలుగో మెట్టు. మళ్లీ రెండో తీగ దగ్గర అయిదు.

గురువన్నా అదే, పుస్తకమన్నా అదే, మీరు చూసే వెయ్యి వీడియోలన్నా అదే.

కానీ అన్నిటికీ మొదలైన ఆ ఆరో తీగని దేన్నిబట్టి పెట్టుకోవాలి? ఊళ్లో పద్యనాటకాలకి హార్మనీ వాయించే మాస్టారు ఒకాయన ఉండేవారు. సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఏ అర్ధరాత్రి దాటాకో మొదలైతే, పద్యం అయ్యాక రాగం ఎంతసేపు తీసినా జనం వన్స్‌మోర్ అనేవారు గానీ కదిలేవారు కాదు. ఆ మాస్టారి అరుగు మీదికి గిటారు పట్టుకెళ్లాను. ఆయన దాన్ని కిందకీ పైకీ చూసి, "ఇదేటి బావూ, శ్రుతి సేసే తెచ్చినావా?" అన్నారు. లేదన్నాను. "అయితే వాయించడం మాటెత్తకు. కూకో, కళ్లు మూసుకో" అన్నారు.

హార్మనీ మీద ఒక మెట్టు నొక్కి పట్టారు. నన్ను తీగ మీటమన్నారు. రెండు శబ్దాలు, రెండూ వేరువేరుగా ఉన్నాయి. మర తిప్పమన్నారు. కాస్త బిగించేసరికి రెండూ దగ్గరకొచ్చి ఒకదాన్నొకటి గుద్దుకోవడం మొదలెట్టాయి, వూఁ వూఁ వూఁ అని వేగంగా. ఇంకొంచెం తిప్పితే ఆ వూఁకారం నెమ్మదించింది. ఇంకొంచెం. ఇంకా నెమ్మదించింది. వెంట్రుకవాసి తిప్పేసరికి ఆగిపోయింది. అరుగు మీద ఒక్క స్వరమే మిగిలింది. "పోట్లాట ఆగిపోనాది, యిన్నావా?" అన్నారు మాస్టారు. విన్నాను. ఈ వయసులో కూడా ఆ నిమిషం నా చెవుల్లో ఉంది.

చాలాకాలం నేను చేసింది అదే. సాయంత్రం పూట తీగలు వదులు చెయ్యడం, మళ్లీ శ్రుతి చెయ్యడం. పాట లేదు, కార్డు లేదు. ఇప్పటి పిల్లలకి చెబితే అదేం శిక్ష తాతా అంటారు. శిక్ష కాదురా. వేళ్లు వంగకముందే చెవి తయారైంది. తర్వాత వేళ్లు ఎన్ని అవకతవకలు చేసినా తప్పు ఎక్కడుందో చెవి చెప్పేది. దారి తెలిసినవాడికి నడక ఎంత నెమ్మదిగా ఉన్నా విసుగు పుట్టదు.

ఇంతకీ విసుగు మాకు లేదనుకోకండి. ఉండేది. ఉక్కు తీగలు మెత్తటి వేలికొసల్లో గాడి పడేట్టు దిగేవి. అన్నంలో పులుసు కలుపుకుంటే చురుక్కుమనేది. కొన్ని వారాలకి వేళ్ల చివర కాయలు కాసి నొప్పి తగ్గింది. కానీ ఆ విసుగులో నన్ను ఎవరితోనూ పోల్చుకునే వీల్లేదు. ఊళ్లో ఉన్న గిటారు అదొక్కటే. తీగ తెగితే ఖరగ్‌పూర్‌కి ఉత్తరం రాయాలి, బావ మళ్లీ వచ్చినప్పుడు తేవాలి. అప్పటిదాకా అయిదు తీగలతోనే. ఆ కరువు కూడా మంచిదేనంటాను నేను. లేని తీగ స్వరం నోటితో పాడి పూరించుకోవడం అలవాటైంది.

పాట నేర్చుకోవడం కూడా అలాగే. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు వినడానికి చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్లం. పాట ఒక్కసారి వచ్చేది, వెళ్లిపోయేది. వెనక్కి తిప్పడం లేదు, సగం వేగంలో పెట్టుకోవడం లేదు. పల్లవి మొదటి ముక్క దొరికితే దాన్ని పట్టుకుని మళ్లీ ఆ పాట వచ్చేదాకా నెమరేసుకోవడమే. ఈలోగా స్టేషను గరగరమంటూ ఎటో పోయేది. ఇప్పుడు మీ దగ్గర ప్రతి పాటా ఎప్పుడు కావాలంటే అప్పుడుంది. అందుకే ఏ పాటా మీ బుర్రలో ఉండదు.

మన ప్రాంతంలో సంగీతం అంతా ఇలా చెవి మీదే నడిచింది. జముకుల కథ చెప్పేవాళ్లని మీలో ఎంతమంది చూశారో గానీ, జముకుకి ఉన్నది ఒకే తీగ. ఆ ఒక్క తీగని బిగిస్తూ వదులుతూ రాత్రంతా కథ నడిపేవాళ్లు. మీకు ఆరు తీగలున్నా చాలడం లేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ చేసేవాళ్లు, దాని ఇరవై నాలుగు మెట్లనీ మైనం మీద కూర్చేది చెవితో విని, సరిచూసుకునే.

ఇక విజయనగరం సంగతి. 1919లో విజయరామ గజపతి మహారాజు అక్కడ సంగీత కళాశాల పెట్టించారు. చూపులేని ఒక కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనతోనే అది మొదలైందని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. ఫిడేలుకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆయనకీ చిన్నప్పట్నుంచి చూపు మందమే. ఫిడేలుకి మెట్లుండవు, వేలు ఎక్కడ పెట్టాలో కంటికి చూపించే గుర్తు ఒక్కటీ ఉండదు. అలాంటి వాయిద్యాన్ని ఆ చూపుతో సాధించి, 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు, 1941లో మద్రాసు వాళ్ల చేత సంగీత కళానిధి అనిపించుకున్నారు. ఎక్కడో కృష్ణాజిల్లా నుంచి వచ్చిన కుర్రాడు ఘంటసాల ఈ విజయనగరం వీధుల్లోనే జోలె కట్టుకుని మధుకరం ఎత్తి తిన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా ఆయనకి పాఠం చెప్పారు. నేర్చుకున్నది సరళీ వరసల దగ్గర్నుంచి, మాయామాళవగౌళ దగ్గర్నుంచి, మూడు కాలాల్లో. ముందు విళంబం, అది కుదిరితేనే మధ్యమం, అదీ కుదిరితేనే దురితం. పురందరదాసు పెట్టిపోయిన ఆ వరసని తప్పించి ముందు దురితం వాయించమన్నవాడు లేడు.

అదంతా పాతకాలం అంటారా? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మీ నాన్నల కాలం మనిషే. ఆరేళ్ల పిల్లాడు ఇంట్లో ఉన్న మాండలిన్ పట్టుకున్నాడు. కర్ణాటక సంగీతం మాండలిన్ మీద వాయించే గురువు ఎక్కడా లేడు. పాఠం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగ మీద పలికించేవాడు. అలా నేర్చుకుని 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశాడు. అప్పటికి తొమ్మిదేళ్లు. గురువు వేళ్లు చూసి నేర్చుకోవడానికి ఆ వేళ్లు లేవు. చెవే ఉంది.

మా మనవడు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. ఫోను ఎదురుగా నిలబెట్టుకుని, అందులో ఎవరిదో ఎడమచెయ్యి కదలడం చూస్తూ తన చెయ్యి కదుపుతాడు. తన గిటారు ఏం పలుకుతోందో వాడికి వినబడదు. చూపంతా అవతలివాడి వేగం మీదే. వాడు పదిహేనేళ్లు సాధన చేసి ముప్ఫై సెకన్లు చూపిస్తాడు, వీడు ఆ ముప్ఫై సెకన్లూ చూసి తన నెలరోజుల్ని తిట్టుకుంటాడు. 'ఎఫ్' కార్డు దగ్గర ఆగిపోయాడు. చూపుడువేలు మొదటి మెట్టు మీద ఆరు తీగలకీ అడ్డంగా పరచాలి, నడిమివేలు మూడో తీగ రెండో మెట్టు, మిగతా రెండు వేళ్లూ అయిదో తీగ, నాలుగో తీగల మీద మూడో మెట్టు. మీటితే జిర్రుమంటుంది. గిటారు నేర్చుకునేవాళ్లలో ఎంతమంది ఈ గడప దగ్గరే వెనక్కి తిరిగిపోతారో.

ఫోను లాక్కుని నా తలగడ కింద పెట్టాను. "మొత్తం మీటకు. ఒక్కొక్క తీగే మీటు. ఏది మూగగా ఉందో చెప్పు" అన్నాను. ఆరు, అయిదు, నాలుగు, మూడు పలికాయి. రెండోది చచ్చుగా టక్కుమంది. ఒకటోది జిర్రుమంది. అంటే ఆరింట్లో నాలుగు వచ్చినట్టే గదా, నెల్లాళ్లుగా మొత్తం రాలేదని ఏడుస్తున్నాడు! వేలు కాస్త పక్కకి దొర్లించి ఎముక వైపు ఆనించమన్నాను, మెట్టుకి ఆనుకుని నొక్కమన్నాను, బొటనవేలు కాడ వెనక మధ్యలోకి దించమన్నాను. రెండో తీగ పలికింది. ఒకటోది ఆరోజు పలకలేదు. పలక్కపోయినా వాడి మొహం మారిపోయింది, ఎందుకంటే తనకి రానిది ఏమిటో మొదటిసారి తన చెవితో తను విన్నాడు. కొన్ని చవక గిటార్లకి తీగలు చెక్క నుంచి మరీ ఎత్తులో ఉంటాయి, వేలు విరిగేలా నొక్కినా పలకవు. అలాంటిది తెలిసినవాళ్లకి చూపించి ఎత్తు తగ్గించుకోవాలి, సన్నతీగలు వేయించుకోవాలి. అది నేర్చుకునేవాడి లోపం కాదు.

మా రోజులే బంగారమని ఇంతసేపూ అన్నాను, మళ్లీ అంటాను. కానీ ఒక్కటి చెప్పకుండా దాటలేను. మా చెల్లికి నాకంటే మంచి చెవి. నేను హార్మనీ మాస్టారి అరుగు మీద కూర్చుని తీగ బిగిస్తుంటే, మా ఇంటి దగ్గర నుంచే "ఇంకా కిందుంది అన్నయ్యా" అని కేకేసేది, అది నిజమయ్యేది. దానికి గిటారు ఎవరూ ఇవ్వలేదు. ఆడపిల్లని నాటకాలాయన అరుగెక్కనివ్వలేదు. విజయనగరంలో పుట్టిన పి. సుశీలకి ఆ ఊళ్లోనే కళాశాలలో చదివే అదృష్టం ఉంది, మా చెల్లికి రైలెక్కే వీలు కూడా లేదు. ఈవేళ మా పక్కింటి అమ్మాయి తలుపేసుకుని, ఎవర్నీ అడక్కుండా, ఫోన్లోనే ఉకులేలే నేర్చుకుంటోంది. దాన్ని చూస్తే ఆ ఫోను మీద నా కోపం సగం చల్లారుతుంది. మిగతా సగం అలాగే ఉంటుంది.

ఎందుకంటే ఇప్పుడు శ్రుతి చెయ్యడానికి కూడా ఆ ఫోనే. పచ్చరంగు వెలిగితే శ్రుతి కుదిరిందట. కుదురుతుంది, కాదనను, నా చెవికంటే సరిగ్గానే కుదురుతుంది. కానీ పచ్చరంగు చూసినవాడు పోట్లాట ఆగిపోవడం ఎప్పుడు వింటాడు? ముందు చెవితో చేసుకుని, ఆ తర్వాత దానితో సరిచూసుకోండి. రోజుకి పావుగంట, ఒకే వేళకి. రెండు కార్డులు చాలు, ఒకదాన్నుంచి ఒకదానికి మారడం, విళంబంలో. నొప్పి పుడితే ఆపండి, మర్నాడు మళ్లీ పట్టుకోండి.

తల్లిదండ్రులకి కూడా ఒక మాట. పిల్లలు వాయిద్యం పట్టిన మొదటి ఏడాది చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, ఓ పాట వాయించు" అని వాళ్లని నిలబెట్టకండి. ఇంకా ఏమీ రాలేదేమని అడక్కండి. పక్కగదిలోంచి అపశ్రుతి వినబడితే టీవీ సౌండు పెంచకండి, వీలైతే కాసేపు కట్టేయండి. ఆ పిల్లాడు తన తప్పు తను వినాలి.