ఏ తుపాకీ?

ఎడ్మంటన్‌లో వేట సామగ్రి అమ్మే దుకాణం. మే నెల. ఉత్తర అల్బర్టా అడవుల్లో మంచు కరిగి, చలికాలమంతా నిద్రపోయిన నల్ల ఎలుగులు లేత గడ్డి కోసం బయట తిరిగే రోజులు. పాతికేళ్ల కుర్రాడొకడు లోపలికొచ్చి, సంచీలోంచి పాత రైఫిల్ తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"మా తాతగారిదండీ. .30-06. దీన్ని మీరు తీసుకుని నాకు .375 హెచ్ అండ్ హెచ్ ఇవ్వండి. పైన ఎంతైతే అంత కడతాను. స్లేవ్ లేక్ వైపు ఎలుగు వేటకి వెళ్తున్నా."

దుకాణం నడిపే పెద్దాయన బోల్టు వెనక్కి లాగాడు. తూటా లేదని కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి మరీ రూఢి చేసుకున్నాడు. తర్వాత గొట్టాన్ని దీపానికెదురుగా పట్టి లోపలికి చూశాడు.

"శుభ్రంగా ఉంది. దీనికేమొచ్చింది?"

"ఏమీ రాలేదు. కానీ అవతలిది ఎలుగు కదండీ!"

".375తో ఎప్పుడైనా కాల్చావా?"

"లేదు."

"దీంతో?"

"చిన్నప్పట్నుంచీ. ఏటా దీంతోనే జింకను కొడతాను."

"మరింకేం? 1906లో వచ్చిన తూటా ఇది. గట్టి గుండు ఎంచుకుని, జబ్బ వెనక ఊపిరితిత్తుల్లోకి పంపితే నల్ల ఎలుగుకి ఇంతకంటే అక్కర్లేదు. .375 భుజాన్ని ఎలా తంతుందో తెలియకుండా అడవికి తీసుకెళ్తే, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నీకు తెలియకుండానే కళ్లు మూసుకుంటావు. గుండు పొట్టలో దిగుతుంది. గాయపడిన ఎలుగు పొదల్లో దూరి నరకం పడుతుంది. రేపు ఆ దారిన వచ్చేవాడికీ అది గండమే. వేటగాడు చేయకూడని పాపం అదొక్కటే."

కుర్రాడు ఒప్పుకోలేదు. "అక్కడ గ్రిజ్లీ ఎలుగులు కూడా ఉంటాయంటున్నారు."

"ఉంటాయి. వాటి వేట 2006 నుంచి ఇక్కడ లేదు. కనిపిస్తే తప్పుకుని నీ దారిన నువ్వు పోవడమే."

"అది తప్పుకోకపోతే? పెద్ద తుపాకీ ఉంటే ధైర్యం కదండీ!"

పెద్దాయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "సరే, ఒకటి అడుగుతా చెప్పు. 1953 మేలో, నువ్వు వెళ్తున్న ఆ స్లేవ్ లేక్ దగ్గరే ఒక గ్రిజ్లీ పడింది. అప్పటికి ప్రపంచ రికార్డు అదే. ఏ తుపాకీకి పడింది?"

".375?"

"కాదు."

".338? .300 మాగ్నమ్?"

"కాదు. ముందు బండిలోంచి నీ సంచీ పట్రా. తర్వాత చెప్తా."

కుర్రాడు వీపు సంచీ మోసుకొచ్చాడు. గుడారం, పడక, వారానికి తిండి, వంట గిన్నెలు అన్నీ సర్ది ఉన్నాయి. మాంసం తెచ్చుకోవడానికి ఎక్కడా చోటు లేదు.

"ఎంత దూరం నడుస్తావు?"

"మొదటి రోజే పన్నెండు కిలోమీటర్లు."

"రైఫిల్ ఎలా పట్టుకెళ్తావు?"

కుర్రాడు హుషారుగా రైఫిల్‌ను సంచీ పక్కన నిలబెట్టి, కింద మడమ దగ్గరొకటి, పైన గొట్టం దగ్గరొకటి పట్టీలు బిగించాడు. వాన పడితే తడవకుండా పైన రెయిన్ కవర్ తొడిగాడు. సంచీ వీపుకెత్తుకుని, నడుం బెల్టు పెట్టుకుని నిలబడ్డాడు.

పెద్దాయన చేతి గడియారం చూస్తూ, "నలభై మీటర్ల దూరంలో ఎలుగు. తియ్!" అన్నాడు.

కుర్రాడు నడుం బెల్టు విప్పాడు. ఒక భుజం విదిలించాడు. సంచీ సగం జారి మోచేతి దగ్గర ఇరుక్కుంది. కవర్ లాగాడు. పై పట్టీ వచ్చింది. కిందిది బిగుసుకుపోయింది. గుంజి గుంజి చివరికి రైఫిల్ చేతిలోకి తీసుకుని ఒగరుస్తూ తలెత్తాడు.

"పద్నాలుగు సెకన్లు. గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో పరిగెత్తే జంతువు అది. నలభై మీటర్లు దాటడానికి దానికి మూడు సెకన్లు చాలు."

కుర్రాడు మాట్లాడలేదు. పెద్దాయన సొరుగులోంచి ఒక పట్టీ, చిన్న కొక్కెం తీసి సంచీ భుజపట్టీకి తగిలించాడు. రైఫిల్ ఇప్పుడు ఛాతీకి అడ్డంగా, కుడి చేతికి అందేలా నిలిచింది. రైఫిల్ మీదున్న పన్నెండు రెట్లు పెంచి చూపించే స్కోపు విప్పేసి, తక్కువ రెట్లది బిగించాడు. "పొదల్లో ఇరవై అడుగుల్లో ఎలుగు లేచిందనుకో, పాతదాంట్లో నీకు కనిపించేది నల్లటి బొచ్చు ఒక్కటే" అన్నాడు. సంచీలోంచి అక్కర్లేని గిన్నెలు తీయించి మాంసానికి చోటు చేయించాడు. కారం స్ప్రే డబ్బా నడుం బెల్టుకి పెట్టించాడు.

"ఇంతే. రైఫిల్ మాత్రం నేను కొనను. తాతది, నీ దగ్గరే ఉంచుకో."

కుర్రాడు డబ్బు కడుతూ అడిగాడు. "ఇంతకీ ఆ గ్రిజ్లీని కొట్టిన తుపాకీ ఏదో చెప్పలేదు."

"కొట్టింది బెల్లా ట్విన్. క్రీ జాతి ఆవిడ, అరవై మూడేళ్లు. ఎలుగు కోసం వెళ్లలేదు. తోడున్న డేవ్ ఆగర్‌తో కలిసి, చమురు అన్వేషణ కోసం అడవిలో కొట్టిన బాట వెంట పోతోంది. గ్రిజ్లీ ఎదురొచ్చింది. ఇద్దరూ పక్కకి తప్పుకుని దాక్కున్నారు. అది ఇంకా దగ్గరికొచ్చింది. ఆవిడ దాని తల పక్కన గురిచూసి ఒక్కటి కొట్టింది, ఎలుగు కూలిపోయింది. చచ్చిందని నమ్మకం కుదిరేదాకా ఆవిడ ఒక్కో తూటా పెట్టి మళ్లీ మళ్లీ కాల్చింది."

"దేంతో?"

".22తో. ఒక్కసారికి ఒక్క తూటా పట్టే కూయీ ఏస్ వన్. చిన్నచిన్న జంతువుల్ని కొట్టుకునేది."

కుర్రాడు తెల్లబోయాడు. "అయితే తుపాకీ ఎంత చిన్నదైనా పర్లేదన్నమాట!"

"కానే కాదు. .23, అంతకంటే చిన్న తూటాలతో పెద్ద జంతువుని కొట్టకూడదని ఇక్కడ చట్టం. ఆ చట్టం సరైనదే. దాంతో వేటకి వెళ్లమని నేనెవరికీ చెప్పను."

"మరి ఆవిడెలా బతికిందండీ?"

"ఆవిడ తుపాకీ చేతిలో ఉంది. నీది ఇందాక వీపు మీద ఉంది."