పరగోనియా అల్లుడు

1916లో వచ్చిన ‘ది అమెరికానో’ అనే మూకీలో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ గనుల ఇంజనీరు వేషం కట్టాడు. పరగోనియా అనే లేని దేశంలో తిరుగుబాటు లేస్తుంది, అధ్యక్షుణ్ణి జైల్లో పెడతారు. మనవాడు ఎగిరి దూకి ఆయన్ని విడిపించి, ఆ దేశానికే అల్లుడవుతాడు. అసలు అక్కడి గనుల ఉద్యోగం వద్దన్న పెద్దమనిషి, అధ్యక్షుడి అమ్మాయి కంటబడగానే సరేనంటాడు.

ఈ కథ గుంటూరు బ్రాడీపేటలో చెల్లదు. అమ్మాయిని చూసి ఉద్యోగం ఒప్పుకునే వెర్రిబాగులవాడు ఇక్కడ దొరకడు. ఉద్యోగాన్ని చూసి అమ్మాయినిస్తారు. ఏ లైనులోనైనా పెళ్లిళ్ల పేరయ్యను ఆపి అడగండి.

“పరగోనియానా? గ్రీన్‌కార్డు ఇస్తారాండీ? ప్యాకేజీ డాలర్లలోనేనా?”

“అక్కడ తిరుగుబాటు నడుస్తోందటండీ.”

“అబ్బే, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలెండి. మిర్చి రేటు నిలబడితే అమ్మాయి వాళ్లు ఇంకో ఎకరం కలుపుతామంటున్నారు.”

అసలు తిరుగుబాట్లలో, యుద్ధాల్లో ఇంజనీరు గెంతులుండవు. 1990లో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు లక్షమందికి పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో బయటపడ్డారు. డ్రైవర్లూ, కూలీలూ, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లూ. వాళ్లని ఏ పేరయ్యా లెక్కపెట్టలేదు. 2015లో లిబియాలోని సిర్తె విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఇద్దరు తెలుగువాళ్లను ఎత్తుకుపోతే, ఏడాది దాటాక గానీ విడుదల కాలేదు. ఫెయిర్‌బాంక్స్ ఒక్క గోడైనా దూకలేదు. ఆ దేశాల్లో నిప్పెందుకు రాజుకుందని మనం అడిగిందీ లేదు. “మనవాళ్లెందరు? మళ్లీ వీసాలెప్పుడు?” ఈ రెండే మన విదేశాంగ విధానం.

సినిమాకైనా అంతే. తిరగబడ్డవాడు దుర్మార్గుడు, గనులు నడిపించేవాడు నాయకుడు. కడుపుమంట ఎవరిదో దానికి పట్టదు. సరే, అదే కథను మన జిల్లాలోనే పెట్టి చూద్దాం. 1922, పెదనందిపాడు. పర్వతనేని వీరయ్య చౌదరి వెనక నిలబడి రైతులు శిస్తు కట్టం పొమ్మన్నారు. కరణాలూ మునసబులూ రాజీనామాలు పారేశారు. పటాలాలు దిగాయి, పశువుల్ని జప్తు చేశారు. ఫెయిర్‌బాంక్స్ వస్తే ఎవరి తరఫున దూకేవాడంటారు? వీరయ్య చౌదరి తరఫునా? రామరామ! కలెక్టరు రూథర్‌ఫర్డ్‌ను ఈ రైతు మూకల బారినుంచి కాపాడి, శిస్తు పైసలతో సహా వసూలు చేయించి, దొరల కుటుంబంలో పిల్లను చేసుకునేవాడు.

ఆ సినిమా మన ఊళ్లో ఆడితే కోపమొస్తుందా? ఎందుకొస్తుంది? దొర పేరు పెట్టుకున్న పేటలో కాపురముంటూ దొరగారి అల్లుడంటే చేదా! ఈలలే ఈలలు. బయట టికెట్ల వరస పక్కన పేరయ్య నిలబడి, ఆ కుర్రాడికి తమ్ముడెవరైనా ఉన్నాడేమో వాకబు చేస్తుంటాడు.