ఫిరంగి గారి పెళ్లిచూపులు

రక్షణ శాఖ టెండరు కాగితాల్లో ఒక ముచ్చటైన షరతు ఉంటుంది: ‘నో కాస్ట్, నో కమిట్‌మెంట్’. సరుకు మీరే తయారుచేసుకోండి, మీ ఖర్చుతోనే పోఖ్రాన్ ఎండకీ సిక్కిం చలికీ మోసుకురండి, పేల్చి చూపించండి. కొంటామని మాత్రం మాటివ్వం. ఇంటికెళ్లి కబురు చేస్తాం. సంబంధం మాట దేవుడెరుగు, బజ్జీల ఖర్చు కూడా గిట్టని పెళ్లిచూపులివి.

అటాగ్స్ ఫిరంగినే చూడండి. డీఆర్‌డీవో వారి ఆలోచనకి భారత్ ఫోర్జ్, టాటా సంస్థలు చెయ్యి కలిపి 2013 ప్రాంతంలో పని మొదలెట్టాయి. 2017 రిపబ్లిక్ డే నాడు రాజ్‌పథ్‌లో ఊరేగించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఏడాదే గుండు 48 కిలోమీటర్లు వెళ్లింది. అబ్బో అన్నారు. 2020లో పరీక్షల్లో గొట్టం పేలింది. అమ్మో అన్నారు. 2022 పంద్రాగస్టుకి ఎర్రకోట దగ్గర 21 గుళ్ల వందనంలో దాన్నీ పేల్చి జెండాకి వందనం చేయించారు. అప్పటికి సైన్యం దాన్ని ఇంకా కొననే లేదు! పిల్ల చేత మంగళహారతి పాడించుకుని, జాతకాలు చూడాలని లేచి వెళ్లిపోవడమంటే ఇదే. చివరికి 2025 మార్చిలో 307 ఫిరంగులకు సంతకాలయ్యాయి. లాగే బండ్లతో కలిపి సుమారు 6,900 కోట్లు.

టాటాలూ, భారత్ ఫోర్జ్ వారైన కల్యాణీలూ కాబట్టి పన్నెండేళ్లు తట్టుకున్నారు. హైదరాబాద్‌లో నాలుగు గదులు అద్దెకు తీసుకుని డ్రోన్ చేసే కుర్రాడి గతేమిటి? అతని కోసమే 2018లో ‘ఐడెక్స్’ అనే పథకం పెట్టారు, కాదనను. మామూలుగా కోటిన్నర దాకా గ్రాంటిస్తారు, అంత సొమ్ము అతనూ చూపించాలి. గ్రాంటు వస్తుంది, ఫొటో వస్తుంది, శాలువా వస్తుంది. ఆర్డరు ఎప్పుడొస్తుందో శాలువా కప్పినవారికీ తెలియదు. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు చేసే టాటా-బోయింగ్ ఫ్యాక్టరీకి ఈ బెంగ లేదు. అక్కడ కొనేవాడే భాగస్వామి.

ప్రైవేటుకి 2001లోనే తలుపు తీశారు. 2024-25లో లక్షన్నర కోట్ల రక్షణ ఉత్పత్తిలో వారి వాటా దాదాపు 23 శాతం. తలుపు తీశారు గానీ గొలుసు తియ్యలేదు.

షేర్ మార్కెట్‌కి ఈ గొడవలేం పట్టవు. ఆపరేషన్ సిందూర్ తర్వాత మా వాకింగ్ బృందంలోని రిటైర్డ్ తహశీల్దారు గారు డిఫెన్స్ షేర్లు కొన్నారు.

‘‘ఆ కంపెనీ ఏం తయారుచేస్తుందండీ?’’ అన్నాను.

‘‘ఏదో ఒకటి చేస్తుందిలేవోయ్. పెరుగుతోంది కదా!’’

ఉండబట్టలేక ఫిరంగి కథంతా చెప్పాను. ఆయన నడక ఆపి, శ్రద్ధగా విని, కళ్లజోడు తుడుచుకున్నారు.

‘‘పన్నెండేళ్లేనా? ఎవరో గట్టి మనిషే ఫైలు వెంట పడుంటాడు. ఎవరంటావ్?’’