కుంగిన కారు కష్టాలు

కారును కిందికి దించడమంటే కంపెనీ బిగించిన స్ప్రింగులు తీసేసి పొట్టివి వేయడం. డబ్బు తక్కువ, ధైర్యం ఎక్కువ ఉన్నవారు పాత స్ప్రింగులనే రెండు చుట్లు కోయించుకుంటారు. అంగుళమున్నర దిగేసరికి కారు రేసుబండిలా కనిపిస్తుంది. ఆ అందం రోడ్డు మీద చూసేవారి వాటా, నడుమునొప్పి లోపల కూర్చున్నవారి వాటా.

మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉంటుంది. చక్రాన్ని కింద పట్టుకుని ఉండేది లోయర్ ఆర్మ్. బాడీ దిగుతుంది కానీ చక్రం ఉన్నచోటే ఉంటుంది కనుక, బయటికి వాలి ఉన్న ఆర్మ్ అడ్డంగా సాగుతూ చక్రం అడుగును బయటికి నెడుతుంది. దాంతో చక్రం తల లోపలికి వాలుతుంది. ఇదే నెగటివ్ క్యాంబర్. కొద్దిగా ఉంటే మలుపుల్లో పట్టు పెరుగుతుంది, మితిమీరితే టైరు లోపలి అంచు మీదే బరువంతా పడుతుంది.

టైరును తినే అసలు దొంగ క్యాంబర్ కాదు, టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు కొసలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. స్టీరింగ్ టై రాడ్డూ లోయర్ ఆర్మూ ఒకే పొడవు కావు, ఒకే కోణంలోనూ ఉండవు. ఎత్తు మారితే రెండూ చెరో దారి పడతాయి. చక్రాలు ఎడమొగం పెడమొగంగా, లేదా ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలుస్తాయి. అలా పరుగెత్తే టైరు దొర్లుతూనే రోడ్డుకు రాసుకుంటుంది. బయటి అంచు కొత్తగా మెరుస్తుంటే, లోపల తీగలు తేలే దాకా యజమానికి కబురందదు. గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ తనంతట తాను తిరగబోవడమూ ఈ టో మార్పు పుణ్యమే.

కిందికి దిగితే కారు ఒరగదన్నది సగం నిజం. గరిమనాభి దిగే మాట వాస్తవమే. అయితే స్ట్రట్ సస్పెన్షన్‌లో రోల్ సెంటర్, అంటే మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, దానికంటే వేగంగా దిగిపోతుంది. రెంటి మధ్య దూరం పెరిగితే ఒరిగే గుణమూ పెరుగుతుంది. దాన్ని ఆపేది ఎత్తు తగ్గడం కాదు, స్ప్రింగు గట్టిదనం. ఆ గట్టిదనానికి మూల్యం ముందు చెప్పిన నడుమే చెల్లిస్తుంది.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచన ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. కాలనీలో దాన్ని కట్టించే పెద్దమనిషికి ఈ సూచనతో పరిచయం ఉండదు. దించిన కారు దాని మీదికి ఏటవాలుగా, ప్రదక్షిణ చేస్తున్నంత మెల్లగా ఎక్కుతుంది. వెనుక ముగ్గురు బంధువులు కూర్చున్న రోజున వాళ్లు దిగి నడుస్తారు.

దించిన తర్వాత స్ప్రింగులు కుదురుకునేలా కొంత దూరం తిప్పి, ఆపైన అలైన్‌మెంట్ చేయించాలి. టోను టై రాడ్డు దగ్గర సర్దవచ్చు. క్యాంబర్ సర్దే ఏర్పాటు చాలా చిన్న కార్లలో ఉండదు, విడిగా క్యాంబర్ బోల్టులు కొనాలి. వెనుక టోర్షన్ బీమ్ ఉంటే అక్కడ తిప్పి సర్దడానికి మర కూడా ఉండదు. అసలు స్ప్రింగులు కోయించడం మాత్రం ఏ లెక్కన చూసినా తప్పే: కోసిన కొస సరిగా కూర్చోదు, చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు స్థానం తప్పే ప్రమాదముంది.